రెండు కుడిచేతుల బొమ్మ

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం. మరునాటి ప్రసంగానికి వాక్యభాగం చూసుకుంటూ మందిరం వసారాలో కూర్చుని వున్నాను. మా సంఘంలోని ఒక పెద్దావిడ తన ఏడేండ్ల మనుమరాలిని వెంటబెట్టుకుని వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. పాప చేతుల్లో గుడ్డలో చుట్టిన మూట ఒకటి. జబ్బు చేసిన కోడిపిల్లను ప్రార్థనకు తెచ్చారేమో అనుకున్నాను. మా పల్లెలో అదీ వుంది, నవ్వకండి. మూట విప్పితే బొమ్మ.

జానెడున్నర పొడుగు పసిబిడ్డ బొమ్మ. పొట్ట భాగం గట్టి ప్లాస్టిక్కు, తలా కాళ్లూ చేతులూ మెత్తటి రబ్బరు లాంటి ప్లాస్టిక్కు. ఎడమ భుజం దగ్గర మాత్రం గుండ్రటి రంధ్రం. వీధికుక్క చేయి కరుచుకుని పోయిందట. ఊరంతా వెదికినా దొరకలేదట.

"అయ్యగారూ, పాప తల్లి కువైట్ నుంచి పంపిన బొమ్మ ఇది. మే నెలలో సెలవు మీద వస్తాండాది. రెండేండ్లకు ఇల్లు చేరే బిడ్డకు ఈ చెయ్యిలేని బొమ్మ కనపడితే ఎట్లుంటాది, మీరే చెప్పండి. మీరే ఏదన్నా చేయల్ల" అన్నది అవ్వ.

నా దగ్గరికే ఎందుకు వచ్చారంటే, అంతకు మూడేండ్ల ముందు క్రిస్మసు పశువుల పాకలో విరిగిన గొర్రె చెవులు నేనే అతికించాను. ఆ ఒక్క పనితో నాకు ఊర్లో బొమ్మల వైద్యుడనే పేరు వచ్చింది.

రాయచోటి, రాజంపేట వైపు పల్లెలు ఎరిగిన పాఠకులకు కువైట్ మాట విడమరచి చెప్పనక్కరలేదు. వాన రాని ఏండ్లు, ఎండిన బోర్లు, ఆ బోర్ల కోసం చేసిన అప్పులు. కర్నూలు పడమటి వైపు ఆదోని, కోసిగి పల్లెల వాళ్లు మిరపకాయల కోతకు గుంటూరు బాట పడితే, కడప వైపు తల్లులు పరాయి దేశంలో పరాయి ఇళ్లలో వంటకూ పిల్లలను సాకడానికీ పోతారు. వాళ్ల బిడ్డలు అవ్వల దగ్గర పెరుగుతారు. ఈ పాప కూడా అంతే. అమ్మ ఫోను చేసినప్పుడల్లా బొమ్మను కూడా ఎత్తి చూపించేదట. చేయి పోయిన నాటి నుంచి ఫోను మోగితే చాలు, బొమ్మను దుప్పటి కింద దాస్తోందట. నెల రోజులుగా తల్లి "బొమ్మ ఏది పాపా?" అని అడగడం, ఈ బిడ్డ "నిద్రపోతాండాది" అని చెప్పడం. అది విన్నాక నేను ప్రసంగం పుస్తకం మూసి పక్కన పెట్టాను.

ముందు కొనే ప్రయత్నం చేశాము. పని మీద కడపకూ, ప్రొద్దుటూరుకూ పోయినప్పుడు ఫ్యాన్సీ షాపుల్లో అడిగాను. బొమ్మకు చేయి ఒక్కటే అమ్మరు, బొమ్మ మొత్తం కొనుక్కోవాలి అన్నారు. ఒకాయన జాలిపడి, "ఇదే సైజు బొమ్మ ఇస్తాను, దాని చేయి పీకి దీనికి పెట్టుకోండి" అన్నాడు. ఒక బిడ్డకు చేయి పెట్టడానికి ఇంకో బిడ్డ చేయి పీకడం నాకు మనస్కరించలేదు. అయినా ఆ చేయి దీని రంధ్రానికి పట్టదని కొలత చూస్తేనే తెలిసిపోయింది.

బొమ్మకు విడిభాగం అడగడం వింత కోరికేమీ కాదు. పోర్చుగల్ దేశపు లిస్బన్ నగరంలో బొమ్మల ఆసుపత్రి 1830లో మొదలయింది. జర్మనీలోని సోన్నెబెర్గ్ పట్టణంలో 19వ శతాబ్దం తొలినాళ్ల నుంచే కాగితపు గుజ్జును అచ్చులలో ఒత్తి బొమ్మల తలలు చేసేవారు. తరువాత పింగాణి తలలు వచ్చాయి. పల్చటి పింగాణి మట్టినీళ్లను ప్లాస్టరు అచ్చులో పోస్తే, అచ్చు గోడలు నీటిని పీల్చుకుంటాయి, గోడను ఆనుకుని మట్టి పెంకులా పేరుకుంటుంది, మధ్యలో మిగిలిన నీళ్లు వంపేస్తారు. తల ఒకచోట, చేతులు ఒకచోట, మొండెం మరొకచోట తయారై ఆఖరున ఒక్క బొమ్మగా కూడేవి. విడిగా చేసి కూర్చిన వస్తువుకు విడిగానే మరమ్మతు చేయవచ్చు కదా.

అంత దూరం పోనక్కరలేదు. కొండపల్లి బొమ్మలు చూడండి. తెల్ల పొణికి చెక్కతో మొండెం వేరుగా, కాళ్లూ చేతులూ వేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. మన రాయలసీమలోనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వుంది. అక్కడి తోలుబొమ్మలకు చేతులు, కాళ్లు విడివిడిగా కత్తిరించి, కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. అందుకే తెర మీద అవి చేయి ఊపుతాయి, మోకాలు మడుస్తాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తోలుబొమ్మకు చేయి చిరిగితే కొత్త తోలు మీద పాత చేతిని పరిచి గీత గీసుకోవచ్చు. మా బొమ్మకు ఆ వీలు లేదు. పాత చేయి కుక్క పాలయింది.

మిగిలిన కుడిచేతికి అచ్చు తీసి, ఆ అచ్చులో కొత్త చేయి పోయాలని నిశ్చయించుకున్నాను. ఇందులోని పొరపాటు ఈపాటికే కొందరు పాఠకులు కనిపెట్టి వుంటారు. నేను మాత్రం పది రోజుల దాకా కనిపెట్టలేదు.

ముందుగా చేయిని ఊడదీయాలి. ఇలాంటి మెత్తటి ప్లాస్టిక్కు చేతులకు భుజం దగ్గర గాడి వుంటుంది, రంధ్రం అంచు ఆ గాడిలో కూర్చుంటుంది. చల్లగా వున్నప్పుడు లాగితే అంచు చీలుతుంది. చేయి మునిగేటట్టు వేడినీళ్లలో కొద్ది నిమిషాలు వుంచితే మెత్తబడి తేలికగా వస్తుంది. నీళ్లు మరగనక్కరలేదు, స్నానానికి కాచుకునే వాటికంటే కొంచెం వేడిగా వుంటే చాలు.

తరువాత అచ్చు. బేతంచెర్ల బండ పరచిన అరుగు మా ఇంటికి వుంది, అంత చదునైన బల్ల నేను డబ్బిచ్చి కొనలేను. దాని మీద అగరుబత్తీల అట్టపెట్టె పెట్టి, అడుగున చెరువు బంకమట్టి పరిచి, చేయిని సగం లోతుకు అందులో పాతాను. చుట్టూ మట్టిలో చింతగింజతో మూడు గుంటలు నొక్కాను. ఈ గుంటలు చూడటానికి చిన్న విషయమే గాని, రేపు అచ్చు రెండు సగాలు పక్కకు జరగకుండా ఒకదానిలో ఒకటి కూర్చునేది వీటి వల్లనే. పైకి కనపడే చేతికి కొబ్బరినూనె పలుచగా పూశాను.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రంగుల కొట్లో దొరుకుతుంది. జిప్సం అనే రాయిని సుమారు 150 డిగ్రీల దాకా కాల్చి పొడి చేసినదే ఇది. కాల్చినప్పుడు దానిలోని నీరు ముప్పాతిక వంతు పోతుంది. మనం తిరిగి నీళ్లు కలిపినప్పుడు మళ్లీ రాయిగా మారుతుంది. పారిస్ నగరపు మోంమార్త్ర్ గుట్టలో ఈ రాయి దొరికేది గనుక ఆ పేరు. కలపడంలో ఒక పద్ధతి వుంది. పొడిలో నీళ్లు పోయకూడదు. నీళ్లలో పొడి చల్లుతూ పోవాలి, పొడి నీటి మీదికి దిబ్బలా తేలే దాకా. ఒక నిమిషం నాననిచ్చి, బుడగలు లేవకుండా నెమ్మదిగా కలిపి, వెంటనే పోయాలి. పది పదిహేను నిమిషాలలో గట్టిపడుతుంది. మిగిలిన దానిని కాలువలో పారబోయకండి, అది అక్కడే రాయవుతుంది. పోయిన ఏడాది విప్పి వదిలేసిన పొట్లం మాత్రం తేమ పీల్చుకుని వుంటుంది, ఎంతసేపు కూర్చున్నా సరిగా గట్టిపడదు. నా మొదటి పొట్లం అలాగే పోయింది.

మొదటి సగం గట్టిపడ్డాక తిరగేసి, మట్టి తీసి, బయటపడిన ప్లాస్టరు మీద సబ్బునీళ్లు రెండు మూడుసార్లు పూయాలి. ఇది మరిస్తే రెండవ సగం మొదటి సగానికి అంటుకుపోయి బండరాయే మిగులుతుంది. తరువాత రెండవ సగం పోయాలి. అరగంట ఆగి విడదీస్తే నడుమ చేయి పడుకుని వుంటుంది. చేయి మెత్తటిది కాబట్టి వేళ్ల సందుల్లో ఇరుక్కోకుండా వంగి వచ్చింది. అదే గట్టి చెక్క చేయి అయితే ఆ సందులను ముందే మైనంతో పూడ్చుకోవాలి.

ఇదంతా చూస్తూ పక్కనే కూర్చున్న పాప ఒక మాట అన్నది. "అయ్యగారూ, నా చెయ్యి పెడ్తాను, దానికి కూడా అచ్చు తీయండి."

అప్పటికి ప్లాస్టరు గిన్నె నా చేతిలో వెచ్చబడుతోంది. తల్లులారా, తండ్రులారా, సండే స్కూలు ఉపాధ్యాయులారా, ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ముద్ద మందంగా వుంటే ఆ వేడి 60 డిగ్రీల దాకా పోగలదు, అప్పటికి చేయి బయటికి రాదు. 2007లో ఇంగ్లండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో ఒక బడిలో చిత్రకళ తరగతిలో 16 ఏండ్ల అమ్మాయి రెండు చేతులూ ప్లాస్టరు బకెట్‌లో పెట్టింది. కాలిన గాయాలకు ఆమె వేళ్లలో చాలా భాగం తీసివేయవలసి వచ్చింది. ఆసుపత్రిలో ఎముక విరిగిన వారికి వేసే ప్లాస్టరు కట్టు వేరు. కింద దూది చుట్టి, పలుచని పట్టీలు పొరలుగా వేస్తారు, అదీ తెలిసినవారు వేస్తారు. పాపను దగ్గర కూర్చోబెట్టుకుని ఆమె అరచేతిని కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీత గీసి ఇచ్చాను. అంతటితో తృప్తి పడింది.

మనుషుల అవయవాలకు అచ్చులు అనేసరికి జైపూర్ పాదం గుర్తుకు వస్తుంది. 1960ల చివరలో రామచంద్ర శర్మ అనే చేతిపని కళాకారుడు, ప్రమోద్ కరణ్ సేఠీ అనే ఎముకల వైద్యుడు కలిసి దానిని తయారు చేశారు. శర్మ గారు పెద్దగా చదువుకున్నవారు కారు. అచ్చులో రబ్బరును ఉడికించి గట్టిపరచే పద్ధతిని టైర్లకు రబ్బరు వేసే దుకాణం పనిలో నుంచి తీసుకున్నారు. చెప్పులు లేకుండా పొలంలో నడవగలిగే పాదం, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగలిగే పాదం అలా పుట్టింది. సేఠీ గారికి 1981లో మెగసెసే బహుమానం లభించింది. ఆ వైద్యుని పక్కన ఆ చేతిపనివాని పేరు కూడా మన పిల్లలకు నేర్పాలని నా కోరిక.

మళ్లీ మా బొమ్మ దగ్గరికి వద్దాం. అచ్చును మూడు రోజులు ఆరనిచ్చి, అందులో కాగితపు గుజ్జు ఒత్తాను. గుజ్జు సంగతి మన పల్లె తల్లులకు నేను చెప్పడం హాస్యాస్పదం. పాత పత్రికలను రెండు రోజులు నానబెట్టి, మెంతులు వేసి రోట్లో రుబ్బి, పాత బిందె మీద మెత్తి బుట్టలు చేసినవారు మీలో ఎందరో వున్నారు. మెంతులు జిగురు ఇస్తాయి, పురుగును రానివ్వవు. నేను దానికి ఉడికించిన చింతగింజల పిండి, కొంచెం సుద్దపొడి చేర్చాను. రెండు సగాలలో ఒత్తి, మధ్యలో సన్నని ఇనుప తీగ పెట్టి, సగాలను మూసి తాడు కట్టాను. ప్లాస్టరు నీటిని పీల్చుకుంటుంది గనుక మరునాటికి చేయి అచ్చు నుంచి చక్కగా ఊడి వచ్చింది. ఎండలో పెట్టకూడదు. మన సీమ ఎండకు పైపొర ముందు బిగిసి, లోపల తడి వుండగానే పగులుతుంది. గదిలో, గాలి తగిలే చోట, నాలుగైదు రోజులు ఆరాలి.

ఆరిన చేయిని భుజం దగ్గర పెట్టి చూపించాను. నాకైతే గొప్పగా అనిపించింది. పాప కాసేపు చూసింది. బొమ్మ కుడిచేతిని పట్టుకుంది, కొత్త చేతిని పట్టుకుంది, తన రెండు చేతులు ముందుకు చాచి చూసుకుంది.

"అయ్యగారూ, ఇది కూడా ఈ చెయ్యే కదా?"

కుడిచేతికి అచ్చు తీస్తే కుడిచేయి కాక మరేం వస్తుంది? బొటనవేలు బయటి వైపుకు చూస్తూ, మా బొమ్మ రెండు కుడిచేతులతో కూర్చుని వుంది. మా ఇంటావిడ లోపలికి పోయి నవ్వింది, నాకు వినపడింది.

అద్దం పెట్టి చూసుకుంటూ మట్టితో ఎడమచేయి మలుద్దామని రెండు సాయంత్రాలు కష్టపడ్డాను. ఒకటి వంకాయలా, ఒకటి చెప్పు అడుగులా వచ్చింది. మూడవనాడు ఇంకో ఉపాయం పట్టింది. అదే అచ్చులో కొవ్వొత్తి మైనం, కొంచెం తేనెమైనం కలిపి కరిగించి పోశాను. (ప్లాస్టరు అచ్చును ముందు నీళ్లలో నానబెట్టి తుడిస్తే మైనం అంటుకోదు.) మైనపు కుడిచేయి వచ్చింది. మైనం గనుక చెక్కవచ్చు, వంచవచ్చు. కాని ఎక్కడ చెక్కాలి? దానిని చేతిలో పట్టుకుని ఆలోచిస్తుండగా అవ్వ పాలు పోయడానికి వచ్చింది.

"ఏంది అయ్యగారూ, అంత ఆలోచన?" అని అడిగి, సంగతి విని, మైనపు చేయి తీసుకుంది. ఆమె పుట్టినిల్లు ఆదోని వైపు. అక్కడి పల్లెల్లో మట్టెద్దుల అమావాస్యకు ఇంటింటా మట్టితో జత ఎద్దులు చేస్తారు. చిన్నప్పుడు ఊరి పిల్లలందరికీ తానే చేసి ఇచ్చేదట. మైనపు చేయిని వేడినీళ్లలో ఒకసారి ముంచి తీసి, బొటనవేలును పట్టి మెలితిప్పి ఊడదీసింది. అరచేయి అట్లాగే వుంచి, ఆ వేలిని తెచ్చి అరచేతికి ఇవతలి పక్క అంటించి, తడి వేలితో రుద్దింది.

"బొటనేలు ఈ పక్క పెడ్తే సరిపాయ కదా. దీనికింత సదువు ఎందుకు?"

నా చేతిని, మైనపు చేతిని పక్కపక్కన పెట్టి చూశాను. నిజమే. పసిబిడ్డ బొమ్మకు నాలుగు వేళ్లూ ఇంచుమించు ఒకే పొడుగు. కుడి ఎడమల తేడా అంతా బొటనవేలిలోనే వుంది. మోచేయి వంపు, భుజం ఏటవాలు మాత్రం మిగిలాయి. వాటిని కూడా వేడినీళ్లలో ముంచి, బొమ్మకు ఆనించి చూస్తూ ఆమే వంచింది. గుజ్జు ఆరితే కొంచెం కుంచించుకుపోతుందని మొదటి చేతితో తెలిసింది, అది అసలు దాని కంటే చిటికెన గోరంత పొట్టిగా వచ్చింది. అందుకని మైనపు చేతికి అంతటా పలుచగా ఇంకో పొర మైనం పూసి లావు చేశాము. ఆ మైనపు ఎడమచేతికి మళ్లీ మట్టి, మళ్లీ చింతగింజ గుంటలు, మళ్లీ ప్లాస్టరు. మైనపు చేయి అచ్చులో రెండు ముక్కలయింది గాని, అప్పటికి దాని పని అయిపోయింది.

తగిలించడం ఇంకొక చిక్కు. గుజ్జు చేయి గట్టిది, మెత్తటి చేయిలా రంధ్రంలోకి దూరదు. అందుకని లోపలి తీగ చివరను భుజం దగ్గర కొక్కెంలా వంచి బయటికి వుంచాను. నిక్కర్లకు వేసే ఎలాస్టిక్కును ఆ కొక్కేనికి కట్టి, బొమ్మ పొట్టలో నుంచి లాగి, అవతల కుడిచేతి భుజంలో చిన్న రంధ్రం చేసి, లోపల చొక్కా గుండీతో బిగించాను. పాతకాలపు బొమ్మలను కూర్చింది ఇలా ఎలాస్టిక్కుతోనే. దానివల్ల చేయి పైకి కిందికి తిరుగుతుంది కూడా. ఇంట్లో మూడేండ్లలోపు పసివాళ్లు వుంటే మాత్రం గుండీలు, కొక్కేలు వున్న బొమ్మను వాళ్లకు అందనివ్వకండి.

రంగుల విషయంలో ఒక హెచ్చరిక. అటకమీద పాత పెయింటు డబ్బా వుంటే దానిని ఆటబొమ్మకు వాడవద్దు. పాత రంగులలో సీసం ఎక్కువగా వుండేది, పిల్లలు బొమ్మలను నోట పెట్టుకుంటారు. ఇంటి రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. నేను స్కూలు పిల్లల నీటి రంగులు తెచ్చి, తెలుపులో రవ్వంత ఎరుపు, రవ్వంత పసుపు కలిపి వేసి, పైన ఫెవికాల్ పల్చగా కలిపిన నీళ్లు పూశాను. బొమ్మ ఒళ్లు గులాబీ రంగు. ఎన్నిసార్లు కలిపినా చేయి ఒక ఛాయ ముదురుగానే వచ్చింది. నాకు మనసు చివుక్కుమంది. అవ్వ మాత్రం తిప్పి తిప్పి చూసి, "మన ఊరి ఎండకు కమిలినాది లేండి" అని పాప చేతికి ఇచ్చింది.

ఆ రాత్రి ఫోను వచ్చినప్పుడు పాప బొమ్మను దుప్పటి కింద దాచలేదని మరునాడు ఆరాధనకు వచ్చినప్పుడు అవ్వ చెప్పింది. ఫోనులో అంత చిన్న అద్దం మీద తల్లికి ఏ తేడా కనపడలేదట.

మే నెల రెండవ ఆదివారం తల్లి మందిరానికి వచ్చింది. ఆరాధన అయ్యాక బొమ్మను ఒడిలో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. చేయి సంగతి పాప అప్పటికే పూసగుచ్చినట్టు చెప్పేసినట్టుంది. ఆమె ఆ ఎడమచేతిని ఎత్తి చాలాసేపు చూసింది. బొటనవేలు మొదట్లో కాస్త లావుగా, చివర మొద్దుగా వుంటుంది, అవ్వ వేలితో ఎట్లా నొక్కిందో అట్లాగే.

"ఇది మా అమ్మ చేసిందే అయ్యగారూ. నా చిన్నప్పుడు నాకు చేసిచ్చిన ఎద్దుల కాళ్లు ఇట్లనే వుంటాండె" అన్నది.

ఎడమచేతి అచ్చు రెండు సగాలు మా ఇంట్లో రేకుపెట్టెలో పాతగుడ్డలో చుట్టి వున్నాయి. కుక్కలు ఊర్లో ఇంకా వున్నాయి కదా. తప్పుగా వచ్చిన ఆ రెండవ కుడిచేయిని కూడా దాచుదామనుకున్నాను గాని, అది తనకు కావాలని పాప పట్టుకుపోయింది.